బడి ఎట్లున్నదో చూసొస్త

కుర్చీ వెయ్యమన్నప్పుడే ఎల్లేశానికి అనుమానం మొదలైంది. సర్కారు ఆఫీసుల్లో గానీ, సర్కారు దవాఖానలో గానీ తనలాంటి మనిషికి అడగకముందే కుర్చీ వేసినవాళ్ళను అతడు ఇంతవరకు చూడలేదు. ఈ హెడ్మాస్టరు సామేలు సారు మాత్రం గుమ్మం దాకా ఎదురొచ్చి, "అయ్యో, నిలబడ్డరేంది, కూసోండ్రి. నువ్వు గూడ కూసో బిడ్డా. ప్రార్థన అయిపోంగనే మాట్లాడుకుందాం" అని వరండాలో రెండు కుర్చీలు వేయించి, చాయ తెప్పించి, పిల్లలు వరసకట్టిన మైదానంలోకి వెళ్ళిపోయాడు. చాయ చేతిలోకి తీసుకున్నాడు గానీ ఎల్లేశం వెంటనే తాగలేదు. ఏం దాస్తున్నారు వీళ్ళు? దాచేది లేనివాడు చాయ ఎందుకు పోస్తాడు? పక్క కుర్చీలో సృజన ముడుచుకుని కూర్చుని చెప్పుల్లోని బొటనవేళ్ళను చూసుకుంటోంది. పదకొండేళ్ళ బిడ్డ. ఐదు పాసైంది. ఆరో తరగతికి ఈ బడి పనికొస్తుందో రాదో తేల్చుకుందామని, పక్కింటివాళ్ళ టీవీఎస్ అడుక్కుని, పొద్దున్నే ఊరు దాటించి తీసుకొచ్చాడు. దారంతా అతని చొక్కా పట్టుకోకుండా సీటు వెనక కమ్మీని పట్టుకుని కూర్చుంది. అది కూడా అతను గమనించాడు.

జగిత్యాలలో సౌదీకి పంపే ఏజెంటు కూడా అప్పట్లో ఇలాగే కుర్చీ వేశాడు. ఖిల్లా దిక్కు పోయే సందులో, మెట్ల మీది గదిలో, ఫ్యాను కింద కూర్చోబెట్టి, పెద్ద గ్లాసు నిండా చాయ పోయించి, ఫోనులో ఫోటోలు ఒక్కొక్కటీ వేలితో జరిపి చూపించాడు. నిలువెత్తు అద్దాల దుకాణం, ఏసీ గది, మడత పెట్టిన దుప్పటితో మంచం, తెల్లటి గచ్చు. "నీదేముంటదన్నా, సామాను సదురుడు. సాయంత్రం కాంగనే రూముకచ్చి పండుడు" అన్నాడు. సౌదీలో దిగాక బస్సెక్కించి తీసుకుపోయింది సిమెంటు ఇటుకల కార్ఖానాకు. మంచం ఉన్నమాట నిజమే. కాకపోతే ఎల్లేశం వెళ్ళేసరికి ఆ మంచం మీద ఇంకొకడు పడుకుని ఉన్నాడు, వాడు లేచి పనికి పోతేనే ఇతను పడుకోవాలి. వాడి ఒంటి వేడి పరుపులో చల్లారకముందే ఇతనికి నిద్ర ముంచుకొచ్చేది. ఆ ఫోటోలు తీసింది ఏ దేశంలోనో, ఎవరి గదిలోనో. ఏజెంటు మీద కోపం కంటే, ఆ రోజు తను అడగకుండా వదిలేసిన ప్రశ్నల మీదే ఎల్లేశానికి కోపం. చాయ తాగి, నోరు తీపి చేసుకుని, సంతకం పెట్టి లేచాడు. అందుకే ఇప్పుడు చాయ గ్లాసును కుర్చీ కింద పెట్టేసి కళ్ళతో బడిని తడమడం మొదలుపెట్టాడు.

గోడలకు కొత్త రంగు. తాజాగా వేసింది, వాసన ఇంకా పోలేదు. కింద నీలం, పైన పసుపు, మధ్యలో పూలు, పక్షులు, అక్షరాలు. కొత్త రంగును ఎల్లేశం అసలే నమ్మడు. సౌదీలో కూలీలుండే క్యాంపులో తనిఖీ ఉందంటే ముందురోజే సున్నం పడేది. కొత్త దుప్పట్లు పంచేవాళ్ళు, నల్లాలన్నీ కడిగేవాళ్ళు, వంటగదిలో కూరగాయలు తట్టల్లోంచి పొంగేవి. సూటు వేసుకున్న తనిఖీ మనిషి వచ్చి ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే, భుజం పక్కనే సూపర్‌వైజరు నిలబడి ఉండేవాడు. మలబారువాడు, నేపాలువాడు, కరీంనగరువాడు, అందరిదీ ఒకటే మాట. సబ్ అచ్ఛా హై. తనిఖీ మనిషి కారెక్కగానే సూపర్‌వైజరు దుప్పట్లు వెనక్కి తీసుకునేవాడు. కరీంనగరువాడు! ఇప్పుడు ఆ మాట కూడా చెల్లదు. తను పోయేటప్పుడు కరీంనగర్ జిల్లావాడు, తిరిగొచ్చేసరికి జగిత్యాల జిల్లావాడయ్యాడు. ఇల్లు కదల్లేదు, పొలంగట్టు కదల్లేదు, జిల్లా మారిపోయింది. భార్య సరిత పుట్టిల్లు సిరిసిల్ల కూడా వేరే జిల్లా అయి కూర్చుంది. మనిషి లేనప్పుడు ఇక్కడ ఏదైనా మారుస్తారు, ఎవరూ ఒకమాట చెప్పరు. కోరుట్ల బస్టాండులో దిగి ఆ కొత్త బోర్డులు చూసినప్పుడు అతనికి ఎవరో తనను ఏమారుస్తున్నట్టే అనిపించింది.

కంపెనీ మూతపడింది, అందరినీ విమానమెక్కించి పంపారు. అంతే, అందులో చెప్పుకోవడానికి పెద్ద కథ లేదు. వచ్చిన వారం రోజులు చుట్టాలు వచ్చారు, తర్వాత రావడం మానేశారు. కోరుట్లలో సృజన చదివే ప్రైవేటు బడి ఇక తమవల్ల కాదని సరిత ఒకనాటి సాయంత్రం బీడీల చేట ఒళ్ళో పెట్టుకునే చెప్పింది. తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండా చెప్పింది. "పక్కూర్ల సర్కారు హైస్కూలున్నది. ఆడివిల్లలు సైకిల్ల మీద పోతున్నరు. బడి ఎట్లున్నదో ఒకపారి నువ్వే పోయి చూసిరా" అంది. "నువ్వు చూసినవా?" అని అడిగితే దారం పంటితో తెంపి, "నేను చూస్తె ఏమెరుక, నువ్వు చూడు" అంది. ఆ మాటలో ఏదో ఉందని అతనికి అప్పుడే తోచింది. ఏముందో తెలియలేదు. ఆ ప్రైవేటు బడి పసుపుపచ్చ వ్యాను ఇప్పటికీ రోజూ పొద్దున ఇంటి ముందు నుంచే పోతుంది. ఎదురింటి పిల్లల కోసం హారను కొడుతుంది. ఆ హారను వినగానే సృజన లేచి వంటింట్లోకి పోతుంది. సర్కారు బడికి పోవాల్సి వస్తుందని సిగ్గు కాబోలు అనుకున్నాడు ఎల్లేశం. తన బిడ్డకు సిగ్గు తెచ్చిపెట్టింది తనే కదా అని ఆ హారను విన్నప్పుడల్లా తనను తను తిట్టుకునేవాడు. నిన్న రాత్రి అన్నం దగ్గర బడి మాట ఎత్తితే, "నాకు జరమున్నట్టున్నది డాడీ, రేపు రాను" అంది. నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. ముట్టుకున్నప్పుడు తల వెనక్కి తీసుకుంది. తను పోయేనాటికి అంగన్‌వాడీలో పలక నాకుతుండేది. మధ్యలో ఒక్కసారి వచ్చాడు, అప్పుడు మంచం వెనక నుంచి చూసేది. మిగతా కాలమంతా అరచేతంత ముఖం, ఫోనులో. నవ్వితే నవ్వు ఆగిపోయి, గొంతు ఒకచోట, పెదవులు ఒకచోట. ఇప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు మోచేతి మీద ఎప్పటిదో కాలిన మచ్చ ఉంది. ఎప్పుడు కాలిందో అతనికి తెలియదు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు.

ప్రార్థన అయిపోయింది. పిల్లలు వరసగా, చప్పుడు లేకుండా తరగతుల్లోకి వస్తున్నారు. చప్పుడు లేకపోవడమేమిటి? పిల్లలన్నాక తోసుకోరా? ఎవడో వచ్చాడని ముందే చెప్పి ఉంటారు. వరండా దాటేటప్పుడు ముందున్న పిల్ల ఎల్లేశాన్ని చూసి "గుడ్ మార్నింగ్ సార్" అంది, వెనక వరసంతా అందుకుంది. వెనక సారెవరా అని అతను తిరిగి చూసి, అది తనకేనని తెలిసి, లేవాలో కూర్చోవాలో తోచక సగం లేచి నిలబడ్డాడు. సృజన మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. పెదవి చివర కొంచెం నవ్వు కదిలిందేమో, అంతలోనే పోయింది. వరసలో ఒక పిల్లవాడిని చూస్తే సిరిసిల్లలో సరిత తమ్ముడు సాయన్న కొడుకు గుర్తొచ్చాడు. అదే గుండ్రటి ముఖం. సాయన్న సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. సాంచాలు ఆగినప్పుడల్లా పెళ్ళాం పిల్లలతో భీవండికి పోతాడు, అక్కడ ఆగితే మళ్ళీ సిరిసిల్లకొస్తాడు. ఆ పిల్లవాడు అక్కడి బడిలో మరాఠీ మొదలుపెట్టి ఆపేశాడు, ఇక్కడి బడిలో తెలుగు మొదలుపెట్టి ఆపేశాడు. ఇప్పుడు చాయ హోటల్లో గ్లాసులు కడుగుతున్నాడు. మంచి తెలివైనవాడు, కడిగిన గ్లాసులతో బురుజు కడతాడు. నా బిడ్డకు అట్లా కావద్దు, అనుకున్నాడు ఎల్లేశం. కావద్దని అనుకోవడం తేలికే. సాయన్న మాత్రం కావాలని అనుకున్నాడా?

సారు ఇంకా రాలేదు. చూపించినప్పుడు చూసేది చూడటం కాదు, ఎవరూ చూపించకముందే చూడాలి. "ఇక్కడనే ఉండు బిడ్డా" అని ఎల్లేశం లేచి బడి వెనక్కి నడిచాడు. నల్లా తిప్పాడు. నీళ్ళొచ్చాయి, దోసిట పట్టి వాసన చూశాడు. ఒక గదికి తాళం, కిటికీ రెక్కలోంచి చూస్తే విరిగిన బల్లలు ఒకదాని మీద ఒకటి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు తోసి చూశాడు. కడిగి ఉంది. లోపలి గొళ్ళెం మాత్రం లేదు, అది ఊడిన చోట మేకు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇదిగో, దొరికింది. ముందరి గోడ మీద పూలు గీయడానికి రంగులున్నాయి గానీ ఆడపిల్లకు ఒక గొళ్ళెం లేదు. దొరికినందుకు అతనికి ఒకరకమైన తృప్తి కలిగింది. పళ్ళు కొరుకుతూనే కలిగిన తృప్తి. అక్కడికి కొంచెం దూరంలో రేకుల కింద పొయ్యి మండుతోంది. వంటచేసే కొమురవ్వ చేటలో బియ్యం ఏరుతూ అతన్ని చూసి గబుక్కున లేచి కొంగు సవరించుకుంది.

"చెకింగా సారూ? అంత మంచిగనే ఉన్నది. పప్పు, కూరగాయలు, గుడ్లు, అన్ని అస్తున్నయ్" అంది, ఒక్క ఊపిరిలో.

ఎల్లేశానికి క్యాంపు గుర్తొచ్చింది. అవే మాటలు. అదే ఊపిరి. సూపర్‌వైజరు ఎక్కడున్నాడా అని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు, పొయ్యి పక్కన ఒక పిల్లి తప్ప.

"చెకింగు కాదక్కా. నా బిడ్డను గిండ్ల ఏద్దామా వద్దా అని చూడ అచ్చిన."

కొమురవ్వ మళ్ళీ కూలబడింది. "గట్ల ముందుగాల చెప్పరాదు తమ్మీ! పానం అదిరిపాయె. గుడ్లు మొన్నటిసంది అస్తలేవు. పప్పు ఉన్నది, పప్పే ఏస్తున్న. బియ్యంల రాళ్ళున్నయి, ఏరుతున్న, అవుపడ్తనే ఉన్నది గదా" అని చేట ముందుకు జరిపి చూపించింది.

"మరి సార్లు మంచిగ చెప్తరా?"

"నాకేమెరుక, నేను పొయ్యికాడ ఉంటి. కొట్టుడు మాత్రం ఇనవడది." ఒక రాయి ఏరి పారేసి, "ఆ ఫౌజియా మేడం ఉన్నదే, అన్నం తినేటప్పుడు గూడ పోరగాండ్లతోని సదివిస్తనే ఉంటది. నేనే తిడత, అన్నం సల్లారుతదని" అంది.

నిజం కూడా చెప్తారన్నమాట, ఎవరు అడుగుతున్నారో తెలిస్తే. కానీ ఇది పూర్తి నిజమని ఏముంది? వంటామె మేడంకు చుట్టమేమీ కాదు గదా? కాదు, ఎట్లవుతుంది. ఎల్లేశం తిరిగి వరండాలోకి వచ్చేసరికి సామేలు సారు సృజన పక్కన కూర్చుని ఏదో అడుగుతున్నాడు, ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతోంది. కూర్చోకుండానే ఎల్లేశం అడిగేశాడు.

"సారూ, ఆడివిల్లల దొడ్డికి గొళ్ళెం లేదు."

"లేదు," అన్నాడు సారు. "రెండుసార్లు పెట్టించినం, ఊడిపోతున్నది. తలుపే పాడైంది. పిల్లలు జతగ పోతరు, ఒకరు బయట నిలబడతరు."

"ఒక గదికి తాళమున్నది."

"పైకప్పు కారుతున్నది. ఇంకోటి గూడ ఉన్నది, మీరడుగకముందే చెప్త. లెక్కల సారు బదిలీ మీద పోయిండు. కొత్తాయన ఎప్పుడస్తడో తెల్వది. అందాక నేనే చెప్తున్న."

ఎల్లేశం తయారుచేసుకొచ్చిన ప్రశ్నలు సగం అక్కడే అయిపోయాయి. మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఇక దేన్ని పట్టుకోవాలి? "మరి నాకు కుర్చీ ఏసుడు, చాయ పోసుడు ఎందుకు సారూ?" అన్నాడు. నోరు జారి అన్నాడు, అన్నాక చెవులు వేడెక్కాయి. సామేలు సారు లేచి కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు.

"పిల్లలు తక్కువైతే ఒక పోస్టు తీసేస్తరు. మీలెక్క ప్రైవేటు బడిల నుంచి మాన్పించి తెచ్చేటోళ్ళు వస్తె, వద్దని తిరిగి పోతరేమోనని నాకు భయం. గందుకు కుర్చీ. దాచుడెందుకు?"

ఆ మాటతో ఎల్లేశం కూర్చున్నాడు. కారణం ఉంది. కారణం తెలిసిన మర్యాదను భరించవచ్చు. కుర్చీ కిందున్న గ్లాసు తీసి, మీగడ కట్టిన చాయను ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంతలో చేతిలో పుస్తకాలతో ఒకామె వచ్చింది. సన్నగా ఉంది, తలమీద దుపట్టా పిన్నులతో బిగించి ఉంది. ఈమే ఫౌజియా మేడం, ఆరో తరగతికి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఈమే చెప్తుందని సారు పరిచయం చేశాడు. సాయిబుల ఆడామె తెలుగు ఏం చెప్తుంది? ఆ ఆలోచన ముఖం మీదికి వచ్చేసిందేమో, ఆమె నవ్వి, "మాది కోరుట్లనేనండి. ఇంట్ల ఉర్దూ, వాకిట్ల తెలుగు" అంది. "పాప ఏం చదువుతదో జర చూద్దామా?"

సృజన చేతులు కుర్చీని పట్టుకున్నాయి. "నాకు తెలుగు రాదు" అంది గబగబా. "మా స్కూల్ల ఇంగ్లీషే."

ఎల్లేశం లోపల ఏదో వెచ్చగా పొంగింది. చూపించు బిడ్డా, వీళ్ళకు చూపించు. సౌదీలో శుక్రవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేస్తే సరిత పుస్తకం చేతికిచ్చి పిల్లను ముందు కూర్చోబెట్టేది. సృజన ఇంగ్లీషులో గలగలా చదివేది. రామచిలుకా రైతూ ఉన్న పాఠం. "పారట్ అంటే చిలుక డాడీ" అని మధ్యలో చెప్పేది. ఎల్లేశం ఫోను స్పీకరులో పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకున్న వాళ్ళను కూడా లేపి వినిపించేవాడు. మలబారువాడు చప్పట్లు కొట్టేవాడు. సిమెంటు దుమ్ముతో గరుకెక్కిన చెంపల మీదికి నవ్వు వచ్చి, ఆ రోజంతా పోయేది కాదు.

మేడం ఐదో తరగతి ఇంగ్లీషు పుస్తకం తెరిచి సృజన ఒళ్ళో పెట్టింది. సృజన ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అదే గలగల. ఎక్కడా ఆగలేదు. మాట మీద మాట, బడి వ్యాను మీది బొమ్మలా నిగనిగలాడుతూ. ఎల్లేశం సామేలు సారు వంక చూశాడు, చూశారా అన్నట్టు. సారు పుస్తకం వంక చూస్తున్నాడు. మేడం కూడా పుస్తకం వంకే చూస్తోంది, కదలకుండా. వాళ్ళ చూపులేమిటి అట్లా ఉన్నాయని, పొద్దుటి నుంచి పదునుపెట్టి ఉంచుకున్న అనుమానంతోనే, ఎల్లేశం కూడా వంగి చూశాడు. అతనికి ఇంగ్లీషు రాదు. బొమ్మ మాత్రం తెలుస్తుంది. పేజీ మీద రైలు బొమ్మ ఉంది. వంతెన మీద పొడుగాటి రైలు, కింద ఏరు, కిటికీల్లో ముఖాలు. చిలుక లేదు. రైతు లేడు. సృజన "పారట్, పారట్" అంటోంది. వేలు రైలు కింది అక్షరాల మీద జరుగుతోంది.

బడినంతా సోదా చేశాడు. నల్లా వాసన చూశాడు, తలుపు తోశాడు, తాళం వేసిన గదిలోకి తొంగి చూశాడు. పట్టుబడింది ఇక్కడ, తన పక్క కుర్చీలో. ఆగమని అనలేకపోయాడు. వినలేకపోయాడు. చిలుక రైతుతో ఏదో చెప్తోంది, రైతు ఏదో అంటున్నాడు. ఆ పాఠం అన్నిసార్లు విన్నాడు గదా, ఇంకో పాఠం ఎందుకు లేదని ఒక్క శుక్రవారమైనా అడిగాడా? సరితకు తెలుసు. తెలుసు కాబట్టే నువ్వే చూసిరమ్మంది, తెలుసు కాబట్టే తలెత్తలేదు. లేదా ఆమెకూ అనుమానమే ఉండి, దాన్ని తెరిచి చూసే ధైర్యం లేక తన చేతికిచ్చి పంపిందా? సృజన తలెత్తింది. తండ్రి కళ్ళు పేజీ మీద ఎక్కడ ఆగాయో చూసింది. చిలుక మాట సగంలో ఆగిపోయింది.

ఏదో తరగతిలో ఎక్కాలు చెప్తున్నారు. ఫౌజియా మేడం పుస్తకం మెల్లగా మూసి, "ఎంత మంచిగ యాదివెట్టుకున్నవ్" అంది. "యాది మంచిగుంటె సగం పనైనట్టే. ఇగ కండ్లతోని చదువుడు మనిద్దరం కలిసి మొదలువెడుదాం. నీ అసొంటోళ్ళు నా క్లాసుల ఇంక ఉన్నరు, నువ్వొక్కదానివే కాదు." ఎల్లేశం ఆ గొంతులో వెక్కిరింత కోసం వెతికాడు. వెతికినచోట దొరకలేదు.

"అందరు గట్లనే చెప్తరు డాడీ," అంది సృజన. నేలను చూస్తూ అంది. "టీచర్ ముందుగాల చెప్తది, మేం ఎనుకనుంచి చెప్తం. చెప్పకుంటె కొడుతది."

"మరి నాకు చెప్పరాదా బిడ్డా?"

సృజన మోచేతి మీద మచ్చను బొటనవేలితో రుద్దుకుంది. "నేను గా పాఠం చదివినప్పుడే నువ్వు నవ్వేటోనివి" అంది.

వ్యాను హారను వినగానే వంటింట్లోకి పోయేది సర్కారు బడి సిగ్గుతో కాదు, ఆ వ్యాను బడి భయంతో. నిన్న లేని జ్వరం ఈ కుర్చీ గురించే. ఎవరో ఒకరు ఏదో ఒక కొత్త పేజీ ముందు పెడతారని ఈ పిల్ల ఎన్నాళ్ళ నుంచి భయపడుతోందో. బడిని చూసొస్తానని బయలుదేరిన మనిషి బిడ్డను చూడలేదు. చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టబోయాడు. నిన్నటిలా వెనక్కి తీసుకుంటుందేమోనని సగంలో ఆగాడు. సృజన తల కొంచెం వంచింది. దగ్గరికో, దూరానికో అతనికి అర్థం కాలేదు. చెయ్యి మాత్రం పెట్టాడు. వెంట్రుకలు వేడిగా ఉన్నాయి.

"ఇయ్యాల పేరు రాయకుండ్రి," అన్నాడు సారుతో. "జర ఆలోచన చేసుకోవాలె."

"సరే. మధ్యాహ్నం దాక క్లాసుల కూసోనియ్యుండ్రి. నచ్చకుంటె తీసుకపోండ్రి," అన్నాడు సారు.

ఇదేమైనా ఎత్తుగడా? కావచ్చు. పోస్టు పోతుందని భయం ఉన్నవాడు ఏమైనా చేస్తాడు. లెక్కల సారు లేడు, గొళ్ళెం లేదు, గుడ్లు లేవు. మేడం మంచిదే, రేపు ఆమెకు బదిలీ అయితే? ఏ బడైనా, ఏ కంపెనీ అయినా, మాటిచ్చిన మనిషి ఉన్నన్నాళ్ళే. "కూసుంటవా?" అని బిడ్డను అడిగాడు. సృజన జవాబు చెప్పకుండా మేడం వెనక నడిచింది. తరగతి గుమ్మం దగ్గర ఒక్కసారి తిరిగి చూసింది. ఉన్నాడా, పోయాడా అని చూసినట్టుంది. ఆ చూపును ఎల్లేశం గుర్తుపట్టాడు. తను కూడా మనుషులను అలాగే చూస్తాడు.

టీవీఎస్ స్టార్టు చేసి గేటు దాటాడు. మలుపు దాకా పోయాడు. అక్కడ బండి ఆపి, తాళం జేబులో వేసుకుని, ప్రహరీ వెంట నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. వెనక గోడ ఒకచోట కూలి ఉంది, ఇందాకే చూసి పెట్టుకున్నాడు. అక్కడి నుంచి లోపలికి దిగి, ఆరో తరగతి కిటికీ కింద గోడకు వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. పోయాడనుకున్నాక ఏం చేస్తారో చూడాలి. ఇప్పుడు వెక్కిరిస్తారు. ఇప్పుడు మూలకు కూర్చోబెడతారు. నల్లేరు తీగ చెవికి గుచ్చుకుంటోంది, తియ్యలేదు. లోపల ఒక పిల్ల గబగబా చదివింది, ఇంకొకడు నత్తుతూ చదివాడు. తర్వాత మేడం గొంతు, "సృజనా, గీ బొమ్మ కింద మాట. తొందర లేదు" అంది. నిశ్శబ్దం. ఎల్లేశం చేతులు మోకాళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి.

"క… ది… రీ…"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లేశం సగం లేచాడు. పోయి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేద్దామనిపించింది. మేడం ఎవరినీ కోప్పడలేదు. "నవ్వినోళ్ళు తర్వాత చదువుతరు. క పక్కకు గుండ్రంగ ఏమున్నది బిడ్డా?" అంది.

"సున్నా."

"మరి క పక్కకు సున్నా అస్తే?"

ఎల్లేశానికి తెలుసు ఆ మాట, కందిరీగ. మేడిపల్లి బడిలో ఏడు దాకా చదివినవాడే గదా. పెదవుల మీదికి వచ్చింది. మింగేశాడు. ఇంతలో బియ్యం కడిగిన నీళ్ళు పారబోయడానికి గిన్నెతో వచ్చిన కొమురవ్వ అతన్ని చూసి బిత్తరపోయింది.

"ఏంది తమ్మీ! పోయినవనుకుంటి. గీడ దొంగ లెక్క కూసున్నవేంది?"

ఎల్లేశం నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "నా బిడ్డ చదువుతున్నదక్కా" అన్నాడు, గుసగుసగా.

కొమురవ్వ గిన్నె చంకలో పెట్టుకుని కిటికీ వైపు చెవి ఒగ్గింది. "ఏదీ? నాకేం ఇనవడ్తలేదు."

"జర ఆగు," అన్నాడు ఎల్లేశం. "కూడబల్కుకుంటున్నది."